పిలకాయలతో నేలపట్టు: పోయినసారి ఒక్క పిట్ట కనపడలేదు, ఈసారి ఎప్పుడు పోవాలి?

పెన్నాగట్టు
మంగళవారం, రాత్రి 9.14

నెల్లూరు అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ నేలపట్టు పక్షుల కేంద్రానికి పోదామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిలకాయలు, మా అత్తగారు. పెద్దోడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు.

అసలు సంగతి ఏందంటే, రెండేళ్ల కిందట ఒకసారి పోయాం. వేసవి సెలవులు కదా అని మే నెలలో. చెరువు ఎండి నెర్రెలిచ్చి ఉంది. పిట్ట లేదు, పిట్ట ఈక లేదు. అక్కడ బోర్డు మీద గూడబాతు (పెలికాన్) బొమ్మ ఉంటే పెద్దోడికి చూపించి "ఇదేరా పక్షి" అని చెప్పి వెనక్కి తీసుకొచ్చా. ఇప్పటికీ నేను ఎక్కడికన్నా పోదామంటే మా ఆవిడ "బోర్డు చూడ్డానికేనా?" అంటుంది. ఈసారి పరువు నిలబడాలి. జనవరి చివర్లో పక్షులు ఉంటాయా? ఎన్నింటికి చేరాలి? పెద్దామె కూర్చోడానికి వీలుంటుందా?

ట్రంకురోడ్డు టీ
మంగళవారం, రాత్రి 9.31

కొంగల్ని చూడ్డానికి ఎనభై కిలోమీటర్లా అన్నా! కొంగలు మా మిద్దెక్కితే కనపడతాయి. మైపాడు పోండి. పాతిక కిలోమీటర్లు. పిలకాయలు ఇసకలో ఆడుకుంటారు, పెద్దామె చాప వేసుకుని కూర్చుంటుంది, వేడివేడిగా చేపల వేపుడు తినొచ్చు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కునుకు కూడా తీయొచ్చు.

గూడూరు నిమ్మకాయ
మంగళవారం, రాత్రి 9.50

టీ అన్నకు తలనొప్పి వచ్చినా మైపాడే మందు.

పెన్నాగట్టు గారూ, మీరు పోయిన చోటు తప్పు కాదు, నెల తప్పు. మన వైపు వాన పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకు. అప్పుడే చెరువు నిండుతుంది, అప్పుడే పక్షులు వచ్చి గూళ్లు కడతాయి. మార్చి దాటితే పిల్లలు ఎగిరిపోతాయి, చెరువు తగ్గిపోతుంది. మే నెలలో అక్కడికి పోవడం అంటే పెళ్లయిన వారానికి పందిరి చూడ్డానికి పోయినట్టు. జనవరి చివర అంటే గూళ్లలో పిల్లలు బాగా ఎదిగి ఉంటాయి, అరుపులు, కేకలు. పిలకాయలకు అదే మంచి సమయం.

దారి తేలికే. గూడూరు, నాయుడుపేట దాటి దొరవారిసత్రం దగ్గర హైవే దిగాలి. నెల్లూరు నుంచి గంటన్నర వేసుకోండి. టోల్ గేట్లు ఉన్నాయి, ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి. నేను ఒకసారి చూసుకోక వెనక లారీల వాళ్ల చేత తిట్లు తిన్నా.

బైనాక్యులర్ బాబాయ్
మంగళవారం, రాత్రి 10.40

నేలపట్టు మాట వస్తే నేను ఆగలేను, కొంచెం పెద్దగానే రాస్తా.

మన దేశంలో గూడబాతులు గుంపుగా గూళ్లు పెట్టే పెద్ద చోట్లలో నేలపట్టు ఒకటి. 1976లో పక్షుల కేంద్రంగా ప్రకటించారు. మొత్తం కలిపి 458.92 హెక్టార్లు. అందులో చెరువుతో పాటు చిట్టడివి కూడా ఉంది. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, మామూలు ఊరి చెరువే. కానీ ఆ చెరువులో నీటి కడప చెట్లు ఉన్నాయి. నెలల తరబడి మొదలు నీళ్లలో నానినా చావని చెట్లు అవి. మొత్తం కిటుకు అక్కడే ఉంది. చెట్టు చుట్టూ నీళ్లుంటే పిల్లులూ నక్కలూ గూటి దాకా పోలేవు. పులికాట్ సరస్సు దగ్గర్లోనే కాబట్టి తల్లీతండ్రీ అక్కడికి పోయి చేపలు పట్టుకొచ్చి పిల్లలకు పెడతాయి. అంటే పురిటి గది నేలపట్టు, వంటిల్లు పులికాట్.

ఇక ఏ పక్షి ఏదో మీ పెద్దోడికి ఇట్ట చెప్పండి. ముక్కు కింద సంచి వేలాడుతూ బూడిద రంగులో పెద్దగా ఉండేది గూడబాతు. పిల్ల ఆకలేస్తే తల్లి సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది. చూసినవాళ్లు తల్లే పిల్లను మింగుతోందని జడుసుకుంటారు. ముక్కు మూసినా మధ్యలో సందు కనపడేది నత్తగుల్ల కొంగ. నత్తల్ని పట్టడానికే ఆ ముక్కు. గరిటె లాంటి ముక్కుంటే తెడ్డుమూతి కొంగ. వంకర ముక్కు, నల్ల తల, తెల్ల ఒళ్లు ఉంటే కంకణం పిట్ట. రెక్కలు చాపి కొమ్మ మీద ఆరేసుకునేది నీటికాకి. దాని ఈకలు బాతు ఈకల్లా నీటిని పూర్తిగా ఆపవు, అందుకే మునిగి లేచినప్పుడల్లా ఎండకు ఆరాలి. ఒళ్లంతా నీళ్లలో దాచి మెడ మాత్రం పైకి పెట్టి ఈదేదాన్ని పాముమెడ పక్షి అంటారు. చిన్నదానికి ముందే చెప్పండి, లేకపోతే పామని ఏడుస్తుంది.

ఏడింటికల్లా గట్టు మీద ఉండండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి, లేకపోతే అన్నీ నల్ల బొమ్మల్లా కనపడతాయి. బైనాక్యులర్ కొనేట్టయితే 8 ఇంటూ 42 చాలు. ఎక్కువ పవర్ ఉన్నవి చేతిలో వణుకుతాయి, పిలకాయలకు పక్షి బదులు ఆకాశం కనపడుతుంది.

మొలగొలుకులు
బుధవారం, ఉదయం 6.22

బాబాయ్, ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయి కదా? పేపర్లో ప్రతి ఏడాదీ "విదేశీ విహంగాల విడిది" అని వేస్తారు.

బైనాక్యులర్ బాబాయ్
బుధవారం, ఉదయం 7.05

ఆ "విదేశీ అతిథులు" అనే మాట చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. గూడబాతు మనదే. మన దేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా, ఇదే దాని ఇల్లు. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి దేశంలోనే తిరుగుతుంది. నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ, కంకణం, నీటికాకి కూడా ఇక్కడివే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. నిజంగా హిమాలయాలు దాటి ఉత్తరం నుంచి వచ్చేవి బాతులు. సూదితోక బాతు, చెంచామూతి బాతు లాంటివి. అవి ఇక్కడ గూళ్లు పెట్టవు, చలికాలం గడిపి పోతాయి.

తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, విదేశీ చుట్టం అనుకుంటే ఈ ఏడాది రాకపోయినా వచ్చే ఏడాది వస్తుందిలే అనుకుంటాం. మన పిట్టకు మన చెరువు పోతే ఇంకో ఇల్లు వెతుక్కోవాలి. కొల్లేరులో ఒకప్పుడు పెద్ద గూడబాతుల స్థావరం ఉండేది. 1970లకల్లా అక్కడ గూళ్లు పెట్టడం మానేశాయి.

సత్రం రైతుబిడ్డ
బుధవారం, ఉదయం 8.48

నాది దొరవారిసత్రం పక్కనే. మా నాయనమ్మ ఈ పక్షుల్ని "కాన్పుకొచ్చిన ఆడబిడ్డలు" అనేది. ఇల్లు వేరే ఎక్కడో ఉంటుంది, బిడ్డను కనడానికి పుట్టింటికొస్తారు, బిడ్డ నిలదొక్కుకున్నాక పోతారు. కాబట్టి ఆమె లెక్కలో బాబాయ్ చెప్పిందే కరెక్టు, ఇవి మన పిల్లలే.

చెరువు నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. వేల పక్షులు చెట్ల మీద ఉంటే రెట్టంతా నీళ్లలోనే పడుతుంది. ఆ నీళ్లు తూము గుండా పొలానికి పారితే వరి నల్లగా, ఏపుగా వస్తుంది. మిగతా ఊళ్ల వాళ్లు వేసినంత యూరియా మా ఆయకట్టులో వెయ్యం. చిన్నప్పుడు మేము రాళ్లు విసిరితే తన్నేది పెద్దోళ్లే, ఫారెస్టోళ్లు కాదు. ఈ సంవత్సరం చెరువు నిండి కలుజు కూడా పారింది. కాబట్టి పెన్నాగట్టు అన్నా, ధైర్యంగా రాండి. బోర్డు చూసే పని లేదు.

ఒక్క మాట మాత్రం. మీ ఊర్ల నుంచి వచ్చేవాళ్లలో కొంతమంది కారు డోర్లు నాలుగూ తెరిచి పాటలు పెడతారు. బిస్కెట్ ముక్కలు విసురుతారు. అది చేపలు తినే పక్షి అన్నా, గుడ్‌డే బిస్కెట్ ఏం చేసుకుంటది?

ఇద్దరు పిలకాయల తల్లి
బుధవారం, ఉదయం 11.30

మగాళ్లందరూ ముక్కులు, తోకలు చెప్పారు. బాత్‌రూమ్ సంగతి ఒక్కరూ చెప్పలేదు. నేను పోయిన ఫిబ్రవరిలో పోయా, నేను చెప్తా.

హైవే మీదే ఎక్కడైనా మంచి బంకు చూసి ఆపి, అందరి పనీ కానిచ్చుకుని పోండి. లోపల ఉన్నాయి కానీ ఆదివారం జనం ఎక్కువైతే ఎట్ట ఉంటాయో మీరే ఊహించుకోండి. నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. లోపల తినేవి కొనుక్కోవచ్చని నమ్ముకోవద్దు. నేను పులిహోర, పులిబొంగరాలు కట్టుకుపోయా, అవే కాపాడాయి. వచ్చేటప్పుడు హైవే మీద ఒక హోటల్లో తిన్న సాంబారు ఇడ్లీ మా చిన్నోడిని రెండు రోజులు పడుకోబెట్టింది. అందుకని చెప్తున్నా, ఇంటి తిండే మంచిది.

ముదురు రంగు బట్టలు, టోపీలు. ఎర్రవి, మెరిసేవి వద్దు. అత్తగారికి మడత కుర్చీ ఒకటి కారులో వేసుకోండి. కట్ట మీద కొంచెం దూరం పోగానే గూళ్లున్న చెట్లు కనపడతాయి, అక్కడే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వాచ్‌టవర్ మెట్లు ఆమె ఎక్కక్కర్లేదు.

వాసన గురించి కూడా చెప్పాలి. చేపల మార్కెట్, కోళ్ల గూడు కలిసినట్టు ఉంటుంది. పది నిమిషాల తర్వాత అలవాటైపోతుంది. మా అమ్మాయి మాత్రం గంటసేపు ముక్కు మూసుకునే చూసింది.

ఎగిరే కెమెరా
బుధవారం, సాయంత్రం 5.17

నేను శనివారం పోతున్నా. నా దగ్గర డ్రోన్ ఉంది. పైనుంచి గూళ్లు తీస్తే వీడియో అదిరిపోతుంది. ఎవరైనా తీశారా?

బైనాక్యులర్ బాబాయ్
బుధవారం, సాయంత్రం 5.29

తీయొద్దు. వివరంగా చెప్తా విను. గూటి పైనుంచి ఏదో ఎగిరితే తల్లులు గద్దనుకుని ఒక్కసారిగా లేస్తాయి. ఆ రెండు నిమిషాల్లో కాకి వచ్చి గుడ్డు పొడుచుకుపోతుంది. రెక్కలు రాని పిల్లలు కంగారులో నీళ్లలో పడతాయి. పడ్డదాన్ని తల్లి ఎత్తుకుపోయి గూట్లో పెట్టలేదు.

ఎగిరే కెమెరా
బుధవారం, సాయంత్రం 5.41

రెండు నిమిషాలకే ఇంత రాద్ధాంతమా? యూట్యూబ్ నిండా ఇలాంటివే ఉన్నాయి. మీలాంటి పెద్దోళ్లే అన్నిటికీ అడ్డం.

మోడరేటర్
బుధవారం, సాయంత్రం 6.02

ఇద్దరూ ఒక మెట్టు దిగండి. డ్రోన్ గురించి ఇక్కడ ఓటింగ్ అవసరం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పక్షి గుడ్లను, గూళ్లను కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా 'వేట' అనే మాట కిందికే వస్తుంది. తుపాకీ పట్టుకోవాల్సిన పని లేదు. అనుమతి లేకుండా అక్కడ డ్రోన్ ఎగరేయడం గురించి ఈ చర్చలో ఇంక సలహాలు ఇవ్వొద్దు, తీసేస్తాను.

ఎగిరే కెమెరా
బుధవారం, రాత్రి 8.20

గూళ్లు కదిలించడం వేట కిందికి వస్తుందని తెలియదు. సరే, డ్రోన్ ఇంట్లో పెడతా. 300 ఎంఎం లెన్స్ సరిపోతుందా?

బైనాక్యులర్ బాబాయ్
బుధవారం, రాత్రి 8.26

హాయిగా సరిపోతుంది. అవి పెద్ద పక్షులు, దగ్గర చెట్ల మీదే ఉంటాయి. శనివారం కనపడితే టీ నా ఖాతా.

ఒంగోలు గిత్త
గురువారం, ఉదయం 9.15

మధ్యలో దూరుతున్నా. మాకు ఒంగోలు నుంచి నేలపట్టు మరీ దూరం. పిల్లల్ని తీసుకుని పొద్దున పోయి సాయంత్రం వచ్చేలా మాకేమన్నా ఉందా?

గూడూరు నిమ్మకాయ
గురువారం, ఉదయం 9.40

గూడబాతులే కావాలంటే మీకు గుంటూరు పక్కన ఉప్పలపాడు దగ్గర. ఊరి చెరువే, చిన్నది, కానీ పక్షులు కళ్లెదురుగా ఉంటాయి. ఊరికే నీళ్లు, గాలి చాలంటే మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరు పక్కనే ఉంది. కొండ, వాగు కావాలంటే భైరవకోన. రాతిలో తొలిచిన శివాలయాలు ఎనిమిది, పక్కనే జలపాతం. వానలు పడ్డ వెంటనే పోతేనే నీళ్లు. కార్తీకమాసంలో మాత్రం పోవద్దు, జలపాతం కంటే జనం ఎక్కువ పారతారు.

ట్రంకురోడ్డు టీ
గురువారం, ఉదయం 10.02

ఒంగోలోళ్లకు కొత్తపట్నం బీచ్ ఉంది కదా.

గూడూరు నిమ్మకాయ
గురువారం, ఉదయం 10.04

చెప్పానా, తలనొప్పికి కూడా బీచే.

రిటైర్డ్ మాస్టారు
గురువారం, మధ్యాహ్నం 2.35

నేను 1980లలో నాయుడుపేటలో పనిచేశాను. అప్పట్లో మాకు కారు లేదు, జీపు లేదు. ప్యాసింజరు రైలెక్కి దొరవారిసత్రంలో దిగి పిల్లల్ని లైనులో నడిపించుకుంటూ చెరువు దాకా తీసుకెళ్లేవాళ్లం. రైలు సౌకర్యం ఇప్పటికీ ఉంది, ప్యాసింజర్లు ఆ స్టేషన్లో ఆగుతాయి, అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది. కారు లేనివాళ్లు ఆగిపోవద్దని చెప్తున్నాను.

ఒకసారి ఆరో తరగతి పిల్లవాడు ఒకడు అడిగాడు. "సార్, ఇన్ని గూళ్లు ఒకే చెట్టు మీద ఉంటే తల్లి తన గూటిని ఎట్ట గుర్తుపడుతుంది?" నాకు జవాబు తెలియలేదు. తెలియదని చెప్పి, మనం కూర్చుని చూద్దామన్నాను. అరగంట చూశాం. ప్రతి తల్లీ తిన్నగా ఒకే చోటికి వచ్చి దిగింది. ఒక్కటీ తికమకపడలేదు. పిల్లవాడు "బజార్లో మా అమ్మ కూడా అంతే" అన్నాడు.

ఇంకొక మాట. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది. కాబట్టి నేలపట్టు ఇప్పుడు కాగితం మీద నెల్లూరుది కాదు. మా వయసు వాళ్లకు మాత్రం నోరు తిరగదు.

మొలగొలుకులు
గురువారం, సాయంత్రం 4.11

మాస్టారూ, పక్షులు కూడా ఇంకా నెల్లూరు జిల్లా అనుకునే వస్తున్నట్టున్నాయి.

ఇంతకీ అంత దూరం పోయి పులికాట్ చూడకుండా వస్తే ఎట్ట? రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, అక్కడే కదా ఉండేది?

గూడూరు నిమ్మకాయ
గురువారం, సాయంత్రం 4.50

అవును. నేలపట్టులో రాజహంసలు చూడాలని పోయి "మోసం" అని తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. రాజహంస చెట్టెక్కదు. దానికి మోకాలి లోతు ఉప్పు నీళ్లు, బురద కావాలి. అందుకే పులికాట్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు పక్కలా నీళ్లు, దూరంగా గులాబీ గీత గీసినట్టు గుంపులు. షార్ (రాకెట్ కేంద్రం) గేటు దాకా పోనక్కర్లేదు, ముందే ఎక్కడన్నా రోడ్డు పక్కకు ఆపి చూడొచ్చు. కారు మాత్రం పూర్తిగా పక్కకు తీయండి, ఆ రోడ్డు మీద బస్సులు వేగంగా వస్తాయి.

బైనాక్యులర్ బాబాయ్
గురువారం, సాయంత్రం 5.20

రాజహంస తినే తీరు మీ పెద్దోడికి తప్పకుండా చూపించండి. తలను తలకిందులు చేసి ముక్కును నీళ్లలో పెడుతుంది. నీళ్లు లోపలికి లాగి బయటికి నెడుతూ ఉంటే నాచు, చిన్న చిన్న రొయ్య జాతి పురుగులు ముక్కులోని జల్లెడకు చిక్కుతాయి. ఆ గులాబీ రంగు కూడా ఆ తిండి నుంచి వచ్చేదే. పుట్టినప్పుడు పిల్ల బూడిద రంగులోనే ఉంటుంది. అవి పులికాట్‌లో గూళ్లు పెట్టవు, మన దేశంలో వాటి పెద్ద పురిటిల్లు గుజరాత్ కచ్ రణ్.

ఒకే రోజులో రెండూ చూడొచ్చు కానీ ఐదేళ్ల పిల్లను దృష్టిలో పెట్టుకోండి. పొద్దున నేలపట్టు, పదింటికల్లా తిండి, ఆ తర్వాత పులికాట్ రోడ్డు గంటసేపు. అంతకంటే పెట్టుకుంటే ఎవరో ఒకరు ఏడుస్తారు. మా ఇంట్లో అయితే అది నేనే.

ఇద్దరు పిలకాయల తల్లి
గురువారం, రాత్రి 9.05

పక్షుల పండగ రోజుల్లో పోవడం మంచిదా, మామూలు రోజా?

సత్రం రైతుబిడ్డ
గురువారం, రాత్రి 9.33

ఫ్లెమింగో ఫెస్టివల్ అంటే సూళ్లూరుపేటలో స్టేజీలు, డాన్సులు, స్టాళ్లు. 2001 నుంచి మొదలుపెట్టారు, మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ చేశారు. తిరునాళ్లంటే ఇష్టమున్నవాళ్లు రాండి, మా ఊరోళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి. పక్షుల్ని చూడాలంటే మాత్రం మామూలు రోజు పొద్దున్నే రాండి. ఆదివారం కంటే శనివారం నయం, శనివారం కంటే మంగళవారం నయం. మంగళవారం మీకు కుదరదు, అది మాకు తెలుసు.

పెన్నాగట్టు
ఆదివారం, రాత్రి 10.12

పోయొచ్చాం. అందరికీ పేరుపేరునా థాంక్స్. కొంచెం వివరంగానే రాస్తా, మీరు అంత రాశారు కాబట్టి.

నాలుగున్నరకు లేద్దామని ఐదున్నరకు లేచాం. ఏడింటికి గట్టు మీద ఉండమని బాబాయ్ చెప్పారు, మేము చేరేసరికి ఏడూ నలభై. టికెట్టు తీసుకుని కారు దిగగానే నాకు ముందు వినపడింది చప్పుడు. పక్షుల పాట కాదు, అదేదో బస్టాండు గోల. పిల్లలు ఆకలికి అరుస్తుంటే కొంగలు ముక్కులు టకటక కొడుతున్నాయి. మా ఆవిడ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అనలేదంటేనే నేను గెలిచినట్టు.

చెట్లు నల్లగా కాదు, తెల్లగా ఉన్నాయి, రెట్టతో. నీటి కడప చెట్టు మీద ఒక్కో కొమ్మకు మూడు నాలుగు గూళ్లు. గూడబాతు పిల్ల ఒకటి తల్లి నోట్లోకి మెడ దాకా దూరి కుస్తీ పడుతుంటే పెద్దోడు బైనాక్యులర్ వదిలితే ఒట్టు. "నాన్నా, వాడు వాళ్లమ్మ గొంతులోంచి చేప లాక్కుంటున్నాడు" అని కామెంటరీ. చిన్నదానికి బైనాక్యులర్ కుదరలేదు, రెండు కళ్లకూ ఒకేసారి కనపడలేదు. ఆమె ఊరికే కిందపడ్డ ఈకలు చూస్తూ తిరిగింది. ఒకటి జేబులో పెట్టుకోబోతే వాచర్ మెల్లగా చెప్పి అక్కడే పెట్టించాడు.

అసలు ఆశ్చర్యం మా అత్తగారు. మడత కుర్చీలో కూర్చోబెట్టి పది నిమిషాలకు లేద్దామన్నా. ఆమె కదల్లేదు. గంటా పావు కూర్చున్నారు. ఒక గూటినే చూస్తూ ఉన్నారు. తండ్రి పుల్ల తెచ్చి ఇవ్వడం, తల్లి దాన్ని తిప్పి తిప్పి సర్దడం, నచ్చక తీసి మళ్లీ పెట్టడం. "మీ మామ తెచ్చిన ఏ సామానూ నాకు కూడా ఒకసారికి నచ్చేది కాదు" అన్నారు. మామగారు పోయి నాలుగేళ్లయింది. ఆమె నోట ఆయన మాట ఈ మధ్య మేము వినలేదు.

తొమ్మిదిన్నర పదికి ఎండ ఎక్కాక ఇంకో విచిత్రం. గూడబాతులు పది పన్నెండు గుండ్రంగా తిరుగుతూ రెక్క కొట్టకుండానే పైకి పోయాయి. అంత బరువున్న పక్షి గాలిపటంలా పోతుంటే చూడ్డానికి మెడ నొప్పి పుట్టింది. పక్కనే ఉన్న ఒకాయన, వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, దాని మీద ఎక్కి పులికాట్ వైపు పోతాయని చెప్పాడు. ఆయన చేతిలో పెద్ద లెన్స్ ఉంది. శనివారం వానపట్టు ఉందని ఆదివారానికి మార్చుకున్నాడంట. ఎగిరే కెమెరా నువ్వేనా తమ్ముడూ?

చిన్న చేదు కూడా ఉంది. పదకొండు ప్రాంతంలో ఒక బ్యాచ్ వచ్చింది, బ్లూటూత్ స్పీకర్‌తో. ఇద్దరు ముగ్గురం చెప్పాం, వినలేదు. మా పెద్దోడు పోయి "అంకుల్, పిల్లలు పడుకున్నాయి" అన్నాడు. ఆపేశారు. నా మీసానికి లేని విలువ వాడి పాల పళ్లకు వచ్చింది.

పులికాట్ రోడ్డు మీద రాజహంసలు దూరంగా కనపడ్డాయి, గులాబీ గీత అన్నది నిజమే. కానీ మధ్యాహ్నం ఎండకు నీళ్ల మీద ఆవిరిలా ఊగిపోయి సరిగా తెలియలేదు. చిన్నది అప్పటికే నిద్రపోయింది. ఒకే రోజు రెండూ పెట్టుకోవడం మా తప్పు. ఈసారి సాయంత్రం పూట అదొక్కటే పెట్టుకుంటాం.

ఎగిరే కెమెరా
ఆదివారం, రాత్రి 10.40

నేనే అన్నా! మీరని తెలిస్తే పలకరించేవాణ్ని. మీ అత్తగారు చూసిన గూడు నాకు ఫోటోల్లో పడింది, పుల్ల ఇస్తున్నప్పుడు. రేపు పంపిస్తా.

ఇద్దరు పిలకాయల తల్లి
ఆదివారం, రాత్రి 10.52

మీ పెద్దోడికి నా తరఫున ఒక మలై కాజా.

ట్రంకురోడ్డు టీ
ఆదివారం, రాత్రి 11.05

ఇన్ని చదివాక నాకూ పోవాలనిపిస్తోంది. మే నెలలో ఖాళీ ఉంటా.

గూడూరు నిమ్మకాయ
ఆదివారం, రాత్రి 11.06

రాండన్నా, బోర్డు చాలా బాగుంటుంది.

పెన్నాగట్టు
సోమవారం, ఉదయం 7.30

సత్రం తమ్ముడూ, ఒక సాయం. మా అత్తగారు వక్కాకు సంచి అక్కడే కుర్చీ వేసిన చోట మర్చిపోయారు. ముదురాకుపచ్చ గుడ్డ సంచి. సంచి పెద్ద విషయం కాదు, దాని కోసం మళ్లీ వచ్చే ఆదివారం పోదాం అంటున్నారు.

సత్రం రైతుబిడ్డ
సోమవారం, మధ్యాహ్నం 1.15

కనుక్కున్నా అన్నా. వాచర్ దగ్గర భద్రంగా ఉంది. వక్కలు మాత్రం అయిపోయాయంట.